జైసల్మేర్‌లో పొద్దున టిఫిన్ దొరకదని ఎవరన్నారు?

డిసెంబరు సెలవులు దగ్గరపడితే చాలు, ఆ సందేశం మళ్లీ ఊరేగింపుకు బయల్దేరుతుంది. ఈసారి నాకు మా పెద్దక్క పంపింది. ఆమెకు అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చిందట. "జైసల్మేర్ వెళ్లేవాళ్లకు ముఖ్య గమనిక" అని మొదలవుతుంది. పొద్దున పది దాకా ఊళ్లో ఏ కొట్టూ తెరవదు, కాబట్టి హోటల్ బఫే ముందే బుక్ చేసుకోండి. బయట తినాలనుకుంటే కోట లోపలి డాబా మీదే తినండి, వ్యూ అంతా అక్కడే. అసలైన రాజస్థానీ టిఫిన్ దాల్ బాటీ చూర్మా (పప్పు, కాల్చిన గోధుమపిండి ఉండలు, తియ్యటి పొడి), వదలొద్దు. రోడ్డు మీద కచోరీ ముట్టుకుంటే కడుపు పోయినట్టే. అన్నిటికన్నా మేలు సమ్ ఇసుక దిబ్బల క్యాంపులో టిఫిన్. నీళ్ల సీసా మాత్రం చేతిలో ఉంచుకోండి. ఇంతే సందేశం.

నేను ఆ ఊరు రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఇలాంటి సలహాలే నమ్మి బఫేలో చల్లారిన ఇడ్లీ, తియ్యటి సాంబారు తిన్నాను. అందుకే కాస్త కోపంగా రాస్తున్నాను, ఏమనుకోకండి.

"పది దాకా కొట్లు తెరవవు" అన్నది ముందు చూద్దాం. ఇందులో మన గడియారం తప్పు కొంత ఉంది. దేశమంతటికీ టైము చెప్పే 82.5 డిగ్రీల రేఖ మన తుని పక్కనుంచి పోతుంది. జైసల్మేర్ 71 డిగ్రీలకు కాస్త తక్కువలో, పడమటి కొసన ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన చూస్తే అక్కడి సూర్యుడు గడియారం కంటే ముప్పావు గంట వెనక నడుస్తాడు. దానికి చలికాలం తోడైతే డిసెంబరు చివర్లో ఏడుంపావు దాటితే గాని పొద్దు పొడవదు. అదే రోజు హైదరాబాదులో ఏడు కాకముందే తెల్లారిపోతుంది. ఆరున్నరకు లేచి, స్వెట్టరు వేసుకుని వీధిలోకొచ్చి, "ఒక్క కొట్టూ లేదే" అనుకుంటే అది ఊరి తప్పు కాదు, ఇంకా చీకటే. ఎనిమిదిన్నరకు రండి, పొయ్యిలు వెలిగి ఉంటాయి. చాయ్ కొట్లయితే అంతకు చాలా ముందే తెరుస్తారు. జోధ్‌పూర్ నుంచి రాత్రి రైల్లో వచ్చి చీకట్లో దిగేవాళ్లకు కూడా స్టేషను దగ్గరే వేడి చాయ్ దొరుకుతుంది.

పది దాకా తెరవని కొట్లు లేవా అంటే ఉన్నాయి. తోలు చెప్పులు, అద్దాల దుప్పట్లు అమ్మేవి. మనవాళ్లు వాటినే చూసి తీర్పు చెప్పేశారని నా అనుమానం.

అసలు చిక్కు ఇంకోటుంది. మనం వెతికేది "టిఫిన్స్" అని బోర్డు ఉన్న హోటలు. గోడ మీద ధరల పట్టిక, లోపల స్టీలు బల్లలు, పెనం మీద దోసె. ఆ ఊళ్లో పొద్దుటి పలహారం ఉండేది మిఠాయి కొట్లో. గాజు అద్దాల వెనక లడ్డూలు, బర్ఫీలు కనబడగానే ఇది స్వీట్ షాపు కదా అని దాటి వెళ్లిపోతాం. ఆ కొట్టు ముందే, మెట్ల పక్కన, నల్లటి పెద్ద మూకుడు పెట్టుకుని ఒకాయన కూర్చుని ఉంటాడు. ఆయనే మీ టిఫిన్ సెంటరు. అమర్ సాగర్ పోల్ అనే ద్వారం దాటి గాంధీ చౌక్, అక్కణ్ణుంచి భాటియా మార్కెట్ మీదుగా కోట ముందరి గోపా చౌక్ దాకా నడవండి. నిదానంగా నడిచినా ఇరవై నిమిషాల దారి. ఆ దారిలో ఇలాంటి మూకుళ్లు నాలుగైదన్నా తగులుతాయి.

ఆ మూకుట్లో ఏముంటుంది? కచోరీలు. ఒకటి ఉల్లిపాయ కూరినది, ప్యాజ్ కచోరీ. ఇంకోటి పెసరపప్పు కూరినది, మోగర్ కచోరీ. పక్కన మిర్చీ బడా. ఇవి జోధ్‌పూర్ సొత్తు, అక్కణ్ణుంచి ఈ ఊరికి పాకాయి. మిర్చీ బడా చూడగానే మనకు బజ్జీ గుర్తొస్తుంది. కాకపోతే మన బజ్జీలో వాము, చింతపండు ముద్ద ఉండే చోట అక్కడ ఆలుగడ్డ కూర ఉంటుంది. మిరపకాయ కూడా లావుగా, పెద్దగా కారం లేకుండా ఉంటుంది. మనకు బజ్జీ అంటే సాయంత్రం, అదీ వాన పడుతుంటే. వాళ్లకు పొద్దున్నే. మన బుర్రకు ఈ ఒక్క సంగతి పట్టదు, అందుకే "టిఫిన్ లేదు" అంటాం. బేగం బజారులో మార్వాడీల కొట్ల చుట్టూ తిరిగిన హైదరాబాదీలకు ఇది కొత్త కాకూడదు మరి.

సింధ్ సరిహద్దు పక్కనే కాబట్టి దాల్ పక్వాన్ కూడా అడగండి. అది సింధీల పొద్దుటి తిండి. అప్పడంలా కరకరలాడే మైదా రొట్టె, పక్కన మెత్తగా ఉడికిన శనగపప్పు, పైన చింతపండు చట్నీ, సన్నగా తరిగిన ఉల్లిపాయ. విరిచి పప్పులో ముంచుకుని గబగబా తినాలి, ఆలస్యమైతే మెత్తబడిపోతుంది. నూనె సరుకు వద్దనుకునే పెద్దవాళ్లకు పోహా ఉంది. అది మన అటుకుల ఉప్మాయే, పైన సేవ్ చల్లి ఇస్తారు.

"కచోరీ తింటే కడుపు పోతుంది." ఇది కాస్త నిదానంగా చూడాల్సిన మాట. రెండోసారి వెళ్లినప్పుడు ఒక మూకుడు దగ్గర పావుగంట నిలబడ్డాను, ఆకలి మీద. కచోరీని భగభగ మంట మీద వేయించరు. సన్నటి సెగ, నూనెలో చిన్న చిన్న బుడగలు. ఉబ్బిన కచోరీలు ఒళ్లు తిప్పుకుంటూ మెల్లగా ఎర్రబడతాయి. నేను రెండుసార్లు తొంగిచూసేసరికి ఆయన తలెత్తకుండానే "దో మినిట్, హుకుమ్" అన్నాడు (హుకుమ్ అంటే అక్కడ మన "అయ్యా" లాంటి పిలుపు). ఆ రెండు నిమిషాలు పదయ్యాయి. తీశాక బొటనవేలితో నడినెత్తిన ఒక్క పొడుపు పొడిచాడు. ఆవిరి బుస్సుమంది. ఆ గుంతలో ఎర్ర చట్నీ ఒక చెంచా, పచ్చ చట్నీ ఒక చెంచా పోసి దొన్నెలో పెట్టి ఇచ్చాడు.

అంతసేపు నూనెలో కాగి, ఆవిరి కక్కుతూ చేతికొచ్చిన దానిలో క్రిములు బతకడం కష్టం. అనుమానించాల్సింది పచ్చ చట్నీని, అది పచ్చి నీళ్లతో రుబ్బింది కాబట్టి. కోసి పెట్టిన ఉల్లిపాయలను అనుమానించండి. చట్నీ వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఇక బఫే సంగతి. మూత కింద చిన్న దీపం, పైన గంటన్నరగా గోరువెచ్చగా పడి ఉన్న ఆలు కూర. క్రిములకు అంతకన్నా సుఖమైన చోటు ఉంటుందా? నూనె నల్లగా ఉంటే, లేదా పొద్దున వేయించి బుట్టలో పోసినవి మధ్యాహ్నం ఇస్తుంటే మాత్రం వదిలేయండి. రెండు కంటే ఎక్కువ తినకండి. అది కడుపు పోతుందని కాదు, మధ్యాహ్నం దాకా ఇంకేమీ తినలేరని.

జాగ్రత్త నిజంగా కావాల్సిన చోటు సందేశంలో లేనే లేదు. కోట మొదటి ద్వారం దగ్గర సర్కారు అనుమతి ఉన్న భాంగ్ కొట్టు ఉంది, భాంగ్ అంటే గంజాయి ఆకు ముద్ద. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి మొక్క ఆకు నిషేధం కిందికి రాదు, దాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. కాబట్టి అది దొంగ వ్యాపారమేం కాదు. ఆ చుట్టుపక్కల "స్పెషల్" లస్సీ అంటే భాంగ్ కలిపింది, స్పెషల్ మీగడ అనుకుని పరగడుపున తాగేయకండి. పిల్లలకు అసలే ఇవ్వకండి. తాగితే ఆ రోజు మీరు చూసేది జైసల్మేరో కాదో మీకే తెలియదు.

దాల్ బాటీ టిఫినా? మనం పొద్దున్నే ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి కలుపుకుని అన్నం తిని దాన్ని తెలుగువాళ్ల టిఫిన్ అన్నట్టుంది. బాటీలు నిప్పుల మీద తీరిగ్గా కాలాలి, నేతిలో మునగాలి. అది మధ్యాహ్నపు భోజనం, లేకపోతే రాత్రి విందు. అక్కడి ఇళ్లల్లో చలికాలం పొద్దున సజ్జరొట్టె, నెయ్యి, బెల్లం తింటారు. మజ్జిగలో సజ్జపిండి కాచిన రాబ్ తాగుతారు, మన అంబలికి చుట్టమే. అవి కొట్లలో దొరకడం అరుదు. ఎవరింట్లోనైనా దిగితే మొహమాటపడకుండా అడగండి.

ఇక కోట లోపలి డాబా. చిన్న ప్రశ్న: కోటలో కూర్చుంటే కోట కనబడుతుందా? ఊరి కప్పులు కనబడతాయి. అదీ బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ పసుపురాయి బంగారంలా వెలిగేది పొద్దుటి ఎండ తూర్పు గోడల మీద పడినప్పుడు. అది చూడాలంటే కోటకు తూర్పున, బయట ఉండాలి. గడీసర్ చెరువు వైపు ఏ డాబా ఎక్కినా చాలు.

ఇంకో సంగతి కూడా ఉంది. 1156లో రావల్ జైసల్ అనే రాజు ఈ కోటకు పునాది వేసిన నాటి నుంచి శతాబ్దాల పాటు నీళ్లు కుండల్లో పైకి మోసుకెళ్లారు. కాబట్టి వాడకం చుక్కల్లెక్క. తర్వాత కుళాయిలు, వాటి వెనక హోటళ్ల స్నానాల గదులు వచ్చాయి. కాలవల్లోంచి కారిన నీరు కొండ మట్టిలోకి ఇంకి బురుజులు కూలిన సందర్భాలున్నాయి. 1996లోనే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టింది. 2013లో యునెస్కో రాజస్థాన్‌లోని మరో ఐదు కోటలతో కలిపి వారసత్వ హోదా ఇచ్చింది. లోపల ఇప్పటికీ వేల మంది కాపురం ఉంటున్నారు, వాళ్ల బతుకుతెరువు కూడా చూడాలి. నేనైతే బయట తిని, లోపలికెళ్లి జైన గుళ్లు చూసి, ఒక చాయ్ తాగి దిగుతాను.

సమ్ క్యాంపుకు రెండు ముక్కలు చాలు. అది ఊరికి 40 కిలోమీటర్ల అవతల. రాత్రి అక్కడే పడుకుంటే టిఫిన్ ఎలాగూ ప్యాకేజీలోనే పెడతారు, తినండి. నాకు పెట్టింది బ్రెడ్డు, జాము, పూరీ, ఆలు కూర. సూర్యోదయం మాత్రం దివ్యంగా ఉంది. ఊళ్లో ఉన్నవాళ్లు ఆ బ్రెడ్డు, జాము కోసం జీపు కట్టించుకుని పోవడం ఎందుకో నాకర్థం కాలేదు.

నీళ్ల సీసా మాట మాత్రం నిజమే, దాన్ని కొట్టేయలేదు. అక్కకు ఇదంతా పంపాను. "సరేగానీ, ఏం తెచ్చావు?" అని ఒక్క ముక్క రాసింది. భాటియా మార్కెట్‌లో కొన్న ఘోటువా లడ్డూలు, ఆ ఊరి ప్రత్యేకం, డబ్బాలో ఇంకా నాలుగున్నాయి. ఆదివారం తీసుకెళ్తాను.