మహారాజశ్రీ వార్షిక ప్రణాళిక గారికి

మహారాజశ్రీ వార్షిక కార్యక్రమ ప్రణాళిక గారి దివ్యసముఖానికి, జీతం భత్యం లేని స్కౌట్ లీడర్ నమస్కరించి రాసుకొనునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే. కానీ స్కౌట్ మాట నమ్మదగినదై ఉండాలని మా నియమాల్లో మొట్టమొదటిదే చెబుతుంది కాబట్టి నిజం రాస్తున్నాను. మీ ఆరోగ్యం ఏమీ బాగోలేదు. మా ట్రూప్ గదిలో ఇనప బీరువా తలుపుకు అంటించిన రోజున మీరు పెళ్ళికొడుకులా మెరిసిపోయారు. ఇప్పుడు మూడు మూలల టేపు ఊడింది. ఫిబ్రవరి నుంచి మే దాకా వైట్‌నర్ పూత. ఆగస్టు గడిలో బాణం గుర్తు సెప్టెంబరుకు, సెప్టెంబరులో బాణం నవంబరుకు, నవంబరులో బాణం బీరువా గొళ్ళెం వైపు. డిసెంబరులో అయితే ఏకంగా చిల్లే పడింది. ఆ చిల్లు సంగతి చివర్లో చెబుతాను, దాని బాధ్యత నాదే.

మీరు పుట్టిన రాత్రి నాకు బాగా గుర్తు. ఇంట్లో అందరూ పడుకున్నాక స్కేలు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు ముందేసుకుని కూర్చున్నాను. ఆరుబయట కార్యక్రమాలకు ఆకుపచ్చ, బ్యాడ్జీలకు నీలం, క్యాంపులకు ఎరుపు, సేవకు పసుపు. రాత్రి రెండు దాటేసరికి పన్నెండు గడులూ నిండిపోయాయి. ఎక్కడ పెట్టాలో ఇంకా తేలని క్యాంపుకు పేరు కూడా పెట్టేశాను, ఆ పేరు మీద ఒక కేక కట్టాను, కేకకు చప్పట్ల తాళం కూడా ఆలోచించాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు అర్థం ఎవరైనా అడిగితే ఇకమీదట నోటితో చెప్పనక్కర్లేదు, మిమ్మల్ని చూపిస్తే చాలు.

ఆ రాత్రి నేను చేయని పని ఒకటుంది. లెక్క. ఈ మధ్యే చేశాను, మీరూ వినండి. ఏడాదికి 52 వారాలు. పరీక్షలు, సెలవులు, హాలు దొరకని రోజులు తీసేస్తే మాకు మిగిలినవి 38 మీటింగులు. ఒక్కోటి గంటన్నర. వెరసి 57 గంటలు. అంటే రెండున్నర రోజులు కూడా నిండవు. అందులో జెండా, హాజరు, యూనిఫామ్ చూడటం, స్కార్ఫ్ ఇంట్లో మర్చిపోయినవాడు చెప్పే కథ వినడం, చివర మళ్ళీ బారులు తీరి సెలవు తీసుకోవడం, అన్నీ కలిపి మీటింగుకు ఇరవై నిమిషాలు. ఆ లెక్కన పన్నెండు గంటల పైచిలుకు ఎగిరిపోయి, చేతికి 44 గంటలు మిగిలాయి. ఈ 44 గంటల్లో నేను మీ గడుల్లో కూర్చినవి చదువుతుంటే నాకే నవ్వొస్తోంది. ముడులు, ప్రథమ చికిత్స, మ్యాపు, దిక్సూచి, నక్షత్రాలు, వంట, పయనీరింగ్ (కర్రలూ తాళ్ళతో కట్టడాలు), మొక్కలు నాటడం, మూడు హైకులు, నాటిక, తల్లిదండ్రుల సాయంత్రం, ‘ఇతరములు’. ఇతరములు అంటే ఏమనుకుని రాశానో నాకిప్పుడు గుర్తు లేదు. మీకేమైనా గుర్తుంటే చెప్పండి.

ముడుల సాయంత్రం సంగతే చూడండి. రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, బౌలైన్, నాలుగూ ఒకే మీటింగులో అయిపోవాలని మీ ఆజ్ఞ. రీఫ్ నాట్‌లో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఎడమ కొసను కుడి మీదుగా, తర్వాత కుడి కొసను ఎడమ మీదుగా వెయ్యాలి. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే అది గ్రానీ నాట్ అవుతుంది, బరువు పడితే జారుతుంది. మా వాళ్ళు గంటసేపట్లో గ్రానీ నాట్‌లో పండితులయ్యారు. ఒకడు బౌలైన్ సాధనలో తనను తాను కుర్చీకి కట్టేసుకున్నాడు. బౌలైన్ అంటే బరువు పడ్డా బిగుసుకోని ఉచ్చు, పని అయ్యాక తేలిగ్గా ఊడొస్తుంది. వాడు వేసినది ఊడిరాలేదు కాబట్టి బౌలైన్ కాదని తేలింది, ఏమిటన్నది మాత్రం తేలలేదు. మిగతా సమయమంతా ఆరుగురు కలిసి వాణ్ణి విప్పడానికే సరిపోయింది. నిజం చెప్పొద్దూ, ముడి ఎలా పనిచేస్తుందో ఆ ఆరుగురికి ఆ రోజే బుర్రకెక్కింది. మీ గడిలో మాత్రం ‘పూర్తి కాలేదు’ అని రాయాల్సి వచ్చింది.

నక్షత్రాల రాత్రి గురించి మాట్లాడితే పరువు పోతుంది కానీ మాట్లాడతాను. సప్తర్షి మండలం పట్టుకుని ధ్రువనక్షత్రం వెతకడం కార్యక్రమం. వాన లేదు, మబ్బు లేదు, పిల్లలు వేళకు వచ్చారు. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేని విధంగా రెండో లీడర్ కూడా వేళకే వచ్చాడు. తలెత్తి చూస్తే నడినెత్తిన నిండు పౌర్ణమి. పట్టపగల్లా ఉంది ఆకాశం. తేదీకి వారం చూశాను, సెలవు చూశాను, చంద్రుణ్ణి చూడలేదు. పన్నెండు నెలల్ని గీతలు గీసి విడగొట్టినవాణ్ణి, నెలకు ఆ పేరు తెచ్చిపెట్టినవాణ్ణే మర్చిపోయాను!

దిక్సూచి రోజు ఇంకోరకం. బయట నేర్పాల్సిన పాఠం వాన వల్ల గదిలోకి వచ్చింది. ఆరు దిక్సూచులు, ఆరు గుంపులు. ఉత్తరం ఎటో చూపించండర్రా అంటే ఆరుగురూ ఆరు వైపులా చూపించారు. దగ్గరికెళ్ళి చూస్తే సంగతి తెలిసింది. ఇనుము దగ్గరుంటే ముల్లు దారి తప్పుతుంది కదా, పక్కనున్న ముళ్ళన్నీ బీరువా వైపు మొగ్గాయి. బీరువా వైపు అంటే మీ వైపు. ఏడాది పొడుగునా నేను తిరిగినదీ ఆ ముల్లులాగే.

మిమ్మల్ని అడగాల్సినది ఇంకొకటి ఉంది. ఈ ఉద్యమం మొదలైనప్పుడు మీరెక్కడున్నారు? 1907 ఆగస్టులో స్కౌటింగ్ మూలపురుషుడు బేడెన్ పవెల్ ఇరవైమంది దాకా కుర్రాళ్ళను ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవికి తీసుకెళ్ళాడు. తోడేళ్ళు, ఎద్దులు, కాకులు, కర్ల్యూ పక్షులు అని నాలుగు పెట్రోళ్ళు, అంటే చిన్న జట్లు, చేశాడు. పొద్దున్నే కుడూ అనే ఆఫ్రికా జింక కొమ్ము బూర ఊది లేపాడు. ఒక రోజు పరిశీలన, ఒక రోజు అడవి విద్య, ఒక రోజు ప్రాణరక్షణ అంటూ రోజుకొక అంశం పెట్టుకున్నాడు. ప్రణాళిక లేదనను, ఉంది, చక్కగానే ఉంది. కానీ ఎనిమిది రోజులకు! దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్‌లో శత్రువు చుట్టుముడితే 217 రోజులు నిలబడ్డ సేనాని కూడా పిల్లలతో పనిబడేసరికి ఎనిమిది రోజులకు మించి ధైర్యం చేయలేదు. నన్ను మాత్రం మీరు 365 అడుగుతారు. పైగా ఆయనకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు లేదు. రాత్రి పదకొండున్నరకు ‘రేపు ఏం తేవాలి సార్’ అని ఎవరూ అడగలేదు. మా గ్రూపులో అయితే ముందురోజు పొద్దున నేను పెట్టిన జాబితా కిందే ఆ ప్రశ్న, ఆ ప్రశ్న కింద ‘మాకూ తెలియదు’ అని పదకొండు మంది.

క్యాంపు దగ్గర మీ అన్యాయం పరాకాష్ఠ. మీలో అది రెండే రెండు ఎర్ర గడులు, శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. నా బతుకులో అది మూడు నెలలు. స్థలం ముందే మాట్లాడుకోవాలి. అక్కడ నీళ్ళున్నాయా, మరుగుదొడ్లున్నాయా, దగ్గర్లో ఆస్పత్రి ఎంత దూరం, రాత్రి వాన పడితే తలదాచుకునే చోటు ఏది, వెళ్ళి కళ్ళతో చూడాలి. ఎవరికి ఏ మందు పడదో, ఎవరు నిద్రలో నడుస్తారో రాయించుకోవాలి. అనుమతి పత్రాలు 24 ఇస్తే గడువు నాటికి తిరిగొచ్చినవి తొమ్మిది. మిగతా పదిహేను సంచుల అడుగున ఎండుటాకుల్లా దొరికాయి, రెండింటి వెనక బొమ్మలు కూడా వేశారు, ఒకటి నాదే, పోలిక బాగా కుదిరింది. అన్నీ సమకూరి ఇక రేపే ప్రయాణమనగా రెండో లీడర్‌కు జ్వరం. పెద్దవాళ్ళు ఇద్దరికి తక్కువైతే కదలకూడదని మా పద్ధతి, అది మంచి పద్ధతే. క్యాంపు ఆగింది. బాణం గీశాను. ‘పోనీలే, రెండు గడులే కదా’ అన్నట్టు చూశారు మీరు.

బ్యాడ్జీల నీలం గడుల గురించి రాయను. ఆ పుట అంతా కుట్టుపని మీద వచ్చిన ఫిర్యాదులే.

అక్టోబరు కథ వేరు. ఆ నెలలో ఒక వారాంతం లోకం నలుమూలల స్కౌట్లు రేడియోలోనూ ఇంటర్నెట్‌లోనూ పలకరించుకుంటారు, దాన్ని జోటా-జోటీ అంటారు. నేను మీలో ‘పది దేశాల స్కౌట్లతో సంభాషణ’ అని రాశాను. పది దేశాలు! మాకు పక్కగది వైఫై అందలేదు. అరగంట సేపు నేను కేబుళ్ళు పీకి పెడుతుంటే, వెనకాల చీకట్లో వెలుగులు కనిపించాయి. రెండు పెట్రోళ్ళు ఆవరణ ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి నిలబడి టార్చిలైట్లతో మోర్స్ కొట్టుకుంటున్నాయి. మోర్స్ నేను నేర్పలేదు, మీలో దానికి గడే లేదు. ఒకమ్మాయి కాగితం ముక్క మీద చుక్కలూ గీతలూ రాసుకొచ్చిందట. ఇరవై నిమిషాలు చెమటోడ్చి అటునుంచి ఇటు పంపిన సందేశం విప్పి చూస్తే ‘వినపడుతోందా?’ అని ఉంది. ఇటువాళ్ళు ఎంతో శ్రద్ధగా ‘లేదు’ అని వెలిగించారు. పిల్లలు ఇంటికి పోవడానికి ఒప్పుకోలేదు. ఆ రాత్రి మీలో ‘జోటా-జోటీ: విఫలం’ అని రాసిన చెయ్యి కూడా ఇదే.

సరే, డిసెంబరు చిల్లు.

మా పద్ధతిలో ప్రణాళిక పెట్రోల్ లీడర్ల సభ నుంచి రావాలి. (ఒక కొత్త తల్లి పాపం కంగారుగా ఫోన్ చేసింది, ‘మా వాణ్ణి పెట్రోల్ లీడర్ చేశారట, వాడికింకా బండి నడపడం రాదండీ’ అని.) ఆ సభ నేనూ పెట్టాను. మీరు తయారైన మర్నాడు. నాలుగు రంగుల్లో నిండుకుండలా ఉన్న మిమ్మల్ని నలుగురు పిల్లల ముందు నిలబెట్టి ‘ఇందులో ఇంకా ఏమైనా చేర్చాలా?’ అని అడిగాను. ఖాళీ ఎక్కడుంది చేర్చడానికి? ముగ్గురు ‘లేదు సార్’ అన్నారు. నాలుగో అమ్మాయి, ఆ మోర్స్ అమ్మాయే, డిసెంబరు గడి మూల పెన్సిల్‌తో చిన్నగా రాసింది: ‘డేరా లేకుండా చెట్టు కింద పడుకోవాలి’. వాళ్ళు వెళ్ళాక చూశాను. అది ఏ రంగు కిందకీ రాలేదు. ఆరుబయటా, క్యాంపా? చెరిపేశాను. గట్టిగా చెరిపినట్టున్నాను, కాగితం చిరిగింది.

‘సిద్ధంగా ఉండు’ అన్నది మా నినాదం. దేనికి సిద్ధంగా ఉండమంటారని ఎవరో అడిగితే బేడెన్ పవెల్ ఏదొచ్చినా సరే అన్న అర్థంలో జవాబిచ్చాడని చెబుతారు. మీరు వచ్చాక దాని అర్థం కొంచెం మారింది. రాసింది రాసినట్టు రావాలి, దానికి మాత్రమే నేను సిద్ధం.

కొత్త ఏడాదికి మీ వారసుడు తయారవుతున్నాడని తెలియజేయడానికే ఈ లేఖ. ఈసారి స్కెచ్ పెన్నులు నా దగ్గర లేవు. పోయిన శనివారం ఖాళీ చార్టు నేల మీద పరిచి, నలుగురినీ కూర్చోబెట్టి, లెక్క మాత్రం చెప్పాను. 44 గంటలున్నాయి, మీ ఇష్టం అన్నాను. పౌర్ణమి తేదీలు కూడా రాసిచ్చాను, అనుభవం మీద. ఆ తర్వాత బయటికెళ్ళి వరండాలో నిలబడ్డాను. తలుపు సందులోంచి చూడకుండా ఉండటం నా స్కౌటింగ్ జీవితంలోకెల్లా కష్టమైన పరీక్ష. ఒక్కసారే చూశాను.

లోపలికి పిలిచారు. సగం గడులు ఖాళీగా ఉన్నాయి. ముడులకు ఒక్కటి కాదు, నాలుగు మీటింగులు పెట్టుకున్నారు. నాటిక ఎగిరిపోయింది. ‘ఇతరములు’ ఎందుకో ఉంచారు. జనవరి గడి మూల ‘చెట్టు కింద పడుకోవాలి’ అని ఉంది. ఫిబ్రవరిలోనూ ఉంది. మార్చిలో, ఏప్రిల్‌లో, వరసగా డిసెంబరు దాకా, పన్నెండు గడుల్లోనూ అదే మాట, అదే చేతిరాత.

‘ఏడాదికి పన్నెండుసార్లు చెట్టు కింద పడుకుంటారా?’ అన్నాను.

‘ఒక్కసారే సార్,’ అంది ఆ అమ్మాయి. ‘పదకొండు మీరు వాయిదా వేస్తారు కదా.’

ఇట్లు,
భవదీయ విధేయుడు,
మీ బీరువా తాళం మోసే స్కౌట్ లీడర్