మహారాజశ్రీ ఎమ్మెస్ షార్ట్‌లిస్టు గారికి

మహారాజశ్రీ షార్ట్‌లిస్టు గారి దివ్య సముఖమునకు నమస్కారములు. ఉభయకుశలోపరి.

అమెరికాలో ఎమ్మెస్‌కు ఏ యూనివర్సిటీలకు అప్లై చేయాలో చెప్పమంటే, కన్సల్టెన్సీ వాళ్లు మూడు గంటలు కూర్చోబెట్టి, నాలుగు నిమిషాల్లో తమరిని ప్రింటు తీసి చేతిలో పెట్టారు. తమరి దర్శనంతో నిన్నటి మధ్యాహ్నం ధన్యమైంది. మొత్తం ఎనిమిది యూనివర్సిటీలు: సీటు రావడం కష్టమైన యాంబిషియస్ రెండు, మధ్యస్థంగా మోడరేట్ మూడు, తప్పక వస్తుందనే సేఫ్ మూడు. పక్క కుర్చీలో మెకానికల్ అబ్బాయి చేతిలోనూ అవే ఎనిమిది. ఒకే పిల్ల ఫొటో ఊరంతా తిప్పే పెళ్లిళ్ల పేరయ్య అయినా కాస్త మొహమాటపడేవాడు.

జీఆర్ఈ స్కోరు అడిగారు, బీటెక్ పర్సంటేజీ అడిగారు, బ్యాక్‌లాగులు లెక్కపెట్టారు. ఏం చదువుతావని మాత్రం అడగలేదు. ‘ప్రోగ్రామ్’ అనే గడిలో పైనుంచి కిందిదాకా ‘ఎమ్మెస్’ అనే ఉంది. మెనూ కార్డు నిండా ‘టిఫిన్’ అని రాసిపెడితే తినేవాడు ఏం చెప్పాలి? యాంబిషియస్‌లో ‘వాషింగ్టన్ యూనివర్సిటీ’ అట. సెయింట్ లూయిస్‌లోదా, సియాటిల్‌లోదా? రెండూ వేరు స్వామీ, మధ్యలో సగం అమెరికా ఉంది.

అది పోనివ్వండి. సీఐపీ కోడ్ సంగతేమిటి? వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మొదటి పేజీలో కోర్సు పేరు పక్కన ఉండే ఆరంకెలు, ఆ కోర్సు ఏ శాఖదో చెప్పేవి. కంప్యూటర్ సైన్స్‌కు 11.0701, బిజినెస్ అనలిటిక్స్‌కు 30.7102. రెండూ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్నాయి కాబట్టి, చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే 12 నెలల ఓపీటీ అయ్యాక ఇంకో 24 నెలలకు అర్జీ పెట్టుకోవచ్చు. దాదాపు అవే పాఠాలను 52.0201 అనే మామూలు మేనేజ్‌మెంట్ కోడ్ కింద నడిపితే 12 నెలలకే కథ కంచికి. పేరులో ‘అనలిటిక్స్’ ఉంది కదా అని మురిసిపోతే కుదరదు. డిపార్ట్‌మెంటుకు మెయిల్ పెట్టి ఆరంకెలూ రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. అప్పు తీరేదీ తీరనిదీ వాటి మీద ఆధారపడితే, తమరిలో వాటికి ఒక్క గడి కూడా లేదు. కింద మీ లోగోకు మాత్రం మూడంగుళాలు!

ఖర్చు గడి ఉంది, పాపం. అందులో వేసింది ఐ-20 అంకె. అది సాధారణంగా ఒక విద్యా సంవత్సరానిది. ఇంట్లో నాన్న దాన్నే మొత్తం ఖర్చనుకుని బ్యాంకుకు వెళ్తాడు. 30 క్రెడిట్ల కోర్సును సెమిస్టర్‌కు 9 చొప్పున చదివితే మూడు సెమిస్టర్లకు 27 అవుతాయి. మిగిలిన మూడు క్రెడిట్ల ఒక్క సబ్జెక్టు కోసం నాలుగో సెమిస్టర్ అద్దె, బీమా, ఫీజులు. ఒక సెమిస్టర్‌లో 12 తీసుకోనిస్తారో లేదో ముందే కనుక్కుంటే ఆ డబ్బు మిగిలేది. కేటలాగులో నలభై సబ్జెక్టులుంటాయి. నిజంగా నడిచినవేవో తెలియాలంటే గత రెండు మూడు సెమిస్టర్ల క్లాస్ షెడ్యూల్ తెరిచి చూడాలి. నువ్వు ఎప్పుడైనా తెరిచావా?

అవును, ‘నువ్వు’ అనే అంటున్నాను. ‘ఫ్రీ సర్వీస్’ అని బోర్డు పెట్టావు. తలకింత అని యూనివర్సిటీల వైపు నుంచి కమిషన్ ముడుతుంటే, కమిషన్ ఇవ్వని చోటు నీలోకి ఎందుకొస్తుంది? ‘ముందు చేరిపో, తర్వాత చూసుకుందాం’ అన్నావు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ అనే బోగస్ యూనివర్సిటీ బండారం బయటపడితే, అందులో చేరిన మన పిల్లల్లో కొందరి కాళ్లకు అధికారులు రేడియో ట్యాగులు తగిలించారు. 2019లో తేలిన ఫార్మింగ్టన్ అయితే అక్కడి ప్రభుత్వమే వలగా పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. క్లాసులూ లేవు, పంతుళ్లూ లేరు. అక్కడా ఏం చదువుతావని ఎవరూ అడగలేదు!

ఈ కోర్సే ఎందుకో యూనివర్సిటీకి చెప్పుకునే ఎస్ఓపీ వ్యాసం కూడా నువ్వే రాసిస్తానన్నావుగా, ‘చిన్ననాటి నుంచీ కంప్యూటర్లంటే మక్కువ’ అని. మెకానికల్ అబ్బాయికీ అదే మక్కువా?

ఒక్క మాట ఒప్పుకోవాలి. మంచి మందపు కాగితం, ఒకవైపే ప్రింటు. రెండో వైపు కోర్సు పేరు, కోడ్, క్రెడిట్లు, క్రెడిట్ ధర, బీమా అని గీతలు గీసుకున్నాం. సుబ్బరంగా సరిపోయింది.

ఇట్లు,
నీ వెనకవైపు వాడుకుంటున్న ఒక అప్లికెంట్