క్లార్క్ పాయింట్లతో ముగిసిపోని చర్చ

అమెరికా కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్‌లో అందరికంటే గొప్ప క్రీడాకారిణి ఎవరన్న ప్రశ్నకు 2024 నుంచి ఒకే జవాబు విస్తృతంగా ప్రచారమవుతోంది. అయోవా విశ్వవిద్యాలయం తరఫున నాలుగేళ్లు ఆడిన కెయిట్లిన్ క్లార్క్ 3,951 పాయింట్లు సాధించిందని, స్త్రీలలో గానీ పురుషులలో గానీ చరిత్రలో ఎవరూ అన్ని చేయలేదని, ఆమె వచ్చేదాకా ఈ ఆటను పట్టించుకున్న నాథుడే లేడని, కాబట్టి ఇక చర్చే అనవసరమని ఆ వాదన సారాంశం. క్లార్క్ ఆట అసాధారణమైనదన్న విషయంలో నాకు సందేహం లేదు. ఆ వాదనతోనే నాకు పేచీ.

ముందుగా "చరిత్రలో ఎవరూ" అన్న మాట చూద్దాం. 3,951 అన్నది అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏలో మొదటి డివిజన్ (అంటే పై స్థాయి) రికార్డు. ఆ సంస్థ మహిళలకు జాతీయ టోర్నమెంటు నిర్వహించడం మొదలుపెట్టిందే 1982లో. అంతకుముందు మహిళల కాలేజీ క్రీడలను నడిపింది ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంఘం కనుక, ఆ కాలంలో ఆడినవారి అంకెలు ఎన్‌సీఏఏ పట్టికలోకి ఎక్కలేదు. 1975–79 మధ్య ఆడిన పెర్ల్ మూర్ మొత్తం 4,061 పాయింట్లు చేసింది. వాటిలో ఆమె మొదట జూనియర్ కాలేజీకి (అమెరికాలో రెండేళ్ల కోర్సులుండే కాలేజీ) ఆడినప్పుడు చేసినవీ ఉన్నాయి, అవి తీసేస్తే లెక్క క్లార్క్ కంటే కాస్త తగ్గుతుంది, ఆడింది కూడా చిన్న కాలేజీకే. ఈ మినహాయింపులన్నీ చెప్పాల్సిందే. కానీ అసలు ఆ పేరే ఎత్తకుండా "చరిత్ర" అనడం మాత్రం న్యాయం కాదు.

లినెట్ వుడార్డ్ విషయంలో ఆ మినహాయింపులు కూడా లేవు. కాన్సాస్ విశ్వవిద్యాలయం తరఫున 1977–81లో ఆమె పెద్ద జట్ల మీదనే 3,649 పాయింట్లు చేసింది. అప్పుడు మహిళల కాలేజీ ఆటలో మూడు పాయింట్ల గీత (దాని బయటి నుంచి బంతిని బుట్టలో వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు) లేదు, అది 1987–88 సీజన్‌లో వచ్చింది. బంతి కూడా పురుషులు వాడేదే. చుట్టుకొలతలో ఒక అంగుళం చిన్నదైన బంతి 1984–85లో గానీ రాలేదు. క్లార్క్ ఆ గీత బయటి నుంచి 548 బుట్టలు వేసింది. ఒక్కోదానికి దక్కిన అదనపు పాయింటును తీసివేసి లెక్క కడితే ఆమె మొత్తం 3,403 అవుతుంది, అంటే వుడార్డ్ కంటే 246 తక్కువ. ఇద్దరూ ఆడిన మ్యాచ్‌లు మాత్రం సరిసమానం, 139 చొప్పున. గీత లేకపోతే క్లార్క్ తన ఆటను వేరేగా మలచుకునేదనడం సబబే, అందువల్ల ఈ తీసివేతతో వుడార్డే గొప్పదని నేను తేల్చడం లేదు. వేర్వేరు నియమాల కింద పుట్టిన రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం ఎంత బలహీనమో ఇది చూపిస్తుంది. పురుషులతో పోలిక అంతకన్నా బలహీనం: పురుషుల కాలేజీ ఆటలో పీట్ మారావిచ్ ఆ గీత లేని రోజుల్లో, మొదటి ఏడాది విద్యార్థులను ప్రధాన జట్టులో ఆడనివ్వని రోజుల్లో, కేవలం 83 మ్యాచ్‌ల్లో 3,667 చేశాడు.

క్లార్క్‌కు ముందు ప్రేక్షకులు లేరన్నది పొరపాటు. 2002లో శాన్ ఆంటోనియోలో జరిగిన ఫైనల్‌కు 29,619 మంది హాజరయ్యారు. 2024 ఫైనల్‌ను టీవీలో దాదాపు 1.9 కోట్ల మంది చూశారన్నది, పురుషుల ఫైనల్‌ను అది దాటిందన్నది నిజమే, అందులో ప్రధాన ఆకర్షణ క్లార్కే. అయితే జనాదరణ వేరు, ఆటలో ఆధిక్యం వేరు.

ఇక టైటిళ్లు. 2023లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం) చేతిలో, 2024లో సౌత్ కరోలినా చేతిలో అయోవా ఫైనల్స్ ఓడింది. సాటి క్రీడాకారిణుల బలం చాలకపోయినా ఆమె అంతదాకా తెచ్చిందని అభిమానులు అంటారు. నేనూ ఒప్పుకుంటాను, 2023 సెమీఫైనల్‌లో అప్పటిదాకా ఓటమి ఎరుగని సౌత్ కరోలినాను 41 పాయింట్లతో పడగొట్టడం మామూలు విషయం కాదు. టైటిల్ లేదు కనుక గొప్పది కాదనే మొండి వాదన నాకూ రుచించదు. కానీ ఈ సానుభూతి ఆమెను గొప్పవారి వరుసలో నిలబెట్టగలదే తప్ప, ఆ వరుసలో మొదటి స్థానం ఇవ్వలేదు.

ఎందుకంటే ఆ స్థానానికి బ్రియానా స్టూవర్ట్ ఉంది. కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో ఆమె చదివిన నాలుగేళ్లూ, 2013 నుంచి 2016 వరకు, జట్టు జాతీయ టైటిల్ గెలిచింది. నాలుగుసార్లూ ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్లు తలపడే సెమీఫైనల్స్, ఫైనల్) అత్యుత్తమ క్రీడాకారిణి ఆమే. యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం)లో ఆడిన రోజుల్లో పురుషుల ఆట దిగ్గజం కరీం అబ్దుల్ జబ్బార్‌కు కూడా ఆ గౌరవం మూడుసార్లే దక్కింది. ఆమె జట్టు మరీ బలమైనదన్న అభ్యంతరం ఇక్కడ తప్పక వస్తుంది, అదీ నిరాధారం కాదు: 2016లో మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్లు కొత్త క్రీడాకారిణులను వరుసగా ఎంచుకునే డ్రాఫ్టులో మొదటి మూడు ఎంపికలూ ఆ జట్టువారే. అయితే ఆ ముగ్గురిలో మిగతా ఇద్దరూ నాలుగేళ్లూ జట్టులోనే ఉన్నా, అవార్డు ఒక్కసారి కూడా వారి వైపు మళ్లలేదు. పైగా 2013లో స్టూవర్ట్ ఇంకా మొదటి ఏడాది విద్యార్థిని. సెమీఫైనల్‌లో నోటర్ డామ్ మీద 29, ఫైనల్‌లో లూయిస్‌విల్ మీద 23 పాయింట్లు చేసింది. అసిస్టులూ (సహచరులు బుట్ట వేసేలా అందించిన పాస్‌లు) బ్లాక్‌లూ (ప్రత్యర్థి విసిరిన బంతిని అడ్డుకోవడాలు) రెండూ 400 దాటించి కాలేజీ వదిలింది. 1980లలో కాలేజీ ఆటలో మెరిసిన షెరిల్ మిల్లర్‌కు ఓటు వేసేవారితో వాదించగలను గానీ తప్పు పట్టలేను. క్లార్క్‌కు ఓటు వేసేవారు మాత్రం పాయింట్ల పట్టికను పక్కన పెట్టి, జాతీయ టోర్నమెంటు జరిగే మార్చి, ఏప్రిల్ నెలల్లో స్టూవర్ట్ నాలుగేళ్లూ ఆడి గెలిచిన తీరు కంటే క్లార్క్ ఆట ఎక్కడ మిన్నగా ఉందో చూపించాలి.