ఒక్కొక్కణ్ణీ మనమే నడపాలా?

ప్రతి సైనికుణ్ణీ విడిగా నడపగలిగితేనే కంప్యూటర్ వార్ గేమ్‌లో రియలిజం ఉన్నట్టని ఒక వ్యాసంలో రాశారు. నేను సగమే ఒప్పుకుంటాను. 2009లో వచ్చిన ‘మెన్ ఆఫ్ వార్’ని కావలిలో మా ఇంట్లో నేనూ మా బామ్మర్దీ రాత్రిళ్ళు కూర్చుని ఆడేవాళ్ళం. అందులో ఎవడి తూటాలు వాడివే. అయిపోతే చచ్చినవాడి దగ్గర వెతుక్కోవాల్సిందే. అది బాగుంటుంది, కాదనను. కానీ ఒకసారి మావాడు గ్రెనేడ్ల కోసం ఒకణ్ణి శవాల మధ్య పాకిస్తూ ఉంటే, ఈలోపు గోడ వెనకున్న నలుగురూ పోయారు. "ఏంది బావా, వీళ్ళెప్పుడు పోయారు?" అన్నాడు తీరిగ్గా!

నిజం యుద్ధంలో ఏ ఆఫీసరూ ఒక్కొక్కడి చెయ్యి పట్టుకుని గ్రెనేడ్ వేయించడు కదా. ‘కంపెనీ ఆఫ్ హీరోస్’ (2006)లో ఆర్డర్ జట్టుకే ఇస్తాం. మెషిన్ గన్ మోగితే జట్టంతా నేలకి కరుచుకుపోతుంది. 1996 నాటి ‘క్లోజ్ కంబాట్’ ఇంకా నయం. బొమ్మలు చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, బెదిరిపోయినవాడు మనం ఎన్ని క్లిక్కులు కొట్టినా కదలడు. నాకు అసలు యుద్ధంలా అనిపించింది అక్కడే. మా బామ్మర్ది మాత్రం గేమ్ హ్యాంగ్ అయిందని మౌస్ మార్చి చూశాడు.