తాతయ్య భుజం ఎందుకు తడిసింది?

పిల్లలకు కృతజ్ఞత నేర్పడానికి బొమ్మల పుస్తకాన్ని మించినది నాకు ఇంతవరకూ దొరకలేదు. కానీ దాన్ని మనం క్లాసులో వాడే తీరు మాత్రం నాకు అస్సలు నచ్చట్లేదు. కథ గబగబా చదివేస్తాం, చివరి పేజీ రాగానే "చూశారా పిల్లలూ, మనం కూడా అందరికీ థాంక్స్ చెప్పాలి" అంటాం, వెంటనే కాగితాలు పంచి ఎవరెవరికి థాంక్స్ చెప్పాలనుకుంటున్నారో ఐదు పేర్లు రాయమంటాం. రాస్తారు. అమ్మ, నాన్న, టీచర్, కుక్కపిల్ల, ఐప్యాడ్. వచ్చే వారం అడిగినా అవే ఐదు.

నేను వారాంతపు తెలుగు క్లాసులో ఆరేడేళ్ళ పిల్లలకు చెబుతాను. ఒకరోజు చదువుతున్న పుస్తకంలో ఒక పేజీ నిండా వాన, తాతయ్య, మనవడు, ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు. కింద ఉన్నది ఒక్క వాక్యం, ఇద్దరూ ఇంటికి బయలుదేరారని. నేను పేజీ తిప్పబోతుంటే ఒక పాప లేచి వచ్చి బొమ్మ మీద వేలు పెట్టి "తాతయ్య షర్ట్ ఇక్కడ డార్క్‌గా ఉంది" అంది. నిజమే, గొడుగు మనవడి వైపు ఒరిగి ఉంది, తాతయ్య ఎడమ భుజం తడిసి ముద్దయింది. ఆ సంగతి పుస్తకంలో ఎక్కడా రాసి లేదు, బొమ్మలోనే ఉంది. "ఆ బాబుకి తెలుసా?" అని ఇంకో పిల్లాడు అడిగాడు. అంతే, పావుగంట సేపు ఆ పేజీ దాటలేదు.

కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసినవాడు. చేసిన మేలు ఎరగడమే కృతజ్ఞత, నోటితో చెప్పడం గురించి ఆ మాటలో ఏమీ లేదు. మనమేమో ఎరగడం వదిలేసి చెప్పడం ఒక్కటే నేర్పుతున్నాం.

జెఫ్రీ ఫ్రో అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో 8 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు మూడు విషయాలు గమనించడం నేర్పారు: ఎదుటివాళ్ళు కావాలనే ఆ సాయం చేశారా, అందుకు వాళ్ళు ఏం వదులుకున్నారు, దానివల్ల నాకు ఏం మేలు జరిగింది. అలా నేర్చుకున్న పిల్లలు తమ స్కూలు తల్లిదండ్రులు, టీచర్ల సంఘానికి మిగతావాళ్ళ కన్నా ఎక్కువ థాంక్యూ కార్డులు రాశారు. తడిసిన భుజం బొమ్మలో ఈ మూడూ ఉన్నాయి, ఉపన్యాసం అక్కర్లేదు.

అందుకే నేను ఇప్పుడు ఒకే పుస్తకాన్ని రెండుసార్లు చదువుతున్నాను. మొదటిసారి మధ్యలో ఆపి ప్రశ్నలు వేయను, కథ కథలా సాగాలి. రెండోసారి కింది అక్షరాల మీద చెయ్యి అడ్డం పెట్టి బొమ్మలే చూపిస్తాను. సాధారణంగా 32 పేజీలే కాబట్టి టైమ్ సరిపోతుంది, అయినా అన్నీ చూడాలన్న టెన్షన్ పెట్టుకోను.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. బొమ్మ చూపించి "చూశావా, మీ అమ్మానాన్నలు కూడా నీకోసం ఎంత కష్టపడుతున్నారో" అన్నామంటే పిల్లల ముఖం వాడిపోతుంది. అది వాళ్ళ నెత్తిన అప్పు పెట్టడం. ఇంట్లో ఏం జరుగుతోందో మనకు తెలియని పిల్లలు కూడా ఆ క్లాసులో కూర్చుని ఉంటారు, వాళ్ళను బలవంతంగా కృతజ్ఞత చూపించమనే హక్కు మనకు లేదు. తాతయ్య గురించి మాట్లాడితే చాలు, సొంత ఇంటికి ముడిపెట్టుకోవాలో వద్దో వాళ్ళే చూసుకుంటారు.

ఆ బాబుకి తెలుసా లేదా అన్నది మా క్లాసులో ఇంకా తేలలేదు. పొడుగయ్యాక తెలుస్తుందని సగం మంది, ఇంటికెళ్ళి తాతయ్య షర్ట్ విప్పేటప్పుడు చూస్తాడని మిగతావాళ్ళు. మళ్ళీ చదవమని వాళ్ళే అడిగారు, వచ్చే వారం మూడోసారి చదువుతున్నాం.