మహారాజశ్రీ పంట రక్షణ తుపాకి లైసెన్సు గారికి

మహారాజశ్రీ లైసెన్సు గారి సముఖమునకు, సీతారామపురం మండలంలో వేరుశనగ వేసుకుని బతికే రైతు నమస్కరించి రాసుకున్న విన్నపం.

నిన్న మధ్యాహ్నం తమరి రెన్యువల్ కోసం వచ్చాను. భోజనానికి వెళ్లిన సారు సీటులోకి వచ్చేసరికి నాలుగు దాటింది. ఫైలు తిరగేసి, నా తుపాకిని మెషిన్ గన్‌గా మార్చలేదని నోటరీ చేయించిన ప్రమాణపత్రం తెమ్మన్నారు. సరే సార్ అని వచ్చేశాను. రాత్రి నిద్ర పడితే ఒట్టు.

అయ్యా, ఆ తుపాకిని తమరెప్పుడైనా చూశారా? మూతిలోంచి మందు పోయాలి. పీచు కుక్కి ఇనుప కడ్డీతో దట్టించాలి. సీసపు రవ్వలు వేసి మళ్లీ పీచు, మళ్లీ దట్టింపు. ఆఖరున వెనక, మందుకు నిప్పంటించే చిన్న కేపు తగిలించాలి. వాన పడి మందు చెమ్మగిల్లితే ఆ ఒక్క దెబ్బా తుస్సుమంటుంది. రెండో దెబ్బకు సిద్ధమయ్యేసరికి చేలో పడ్డ అడవిపంది వెలుగొండ దాటి కడప జిల్లాలో గురక పెడుతుంటుంది. దీన్ని మెషిన్ గన్‌గా మార్చగల మిస్త్రీ ఎవరైనా ఉంటే చెప్పండి, కాళ్లకు దండం పెట్టి వస్తాను.

తమరి పుట్టుపూర్వోత్తరాలు నాకూ కొంత తెలుసు. 1959 ఆయుధాల చట్టం, 13వ సెక్షన్. నిజంగా పంట కాపాడుకునేవాడికి మూతిలో మందు కూరే తుపాకి ఇవ్వమని అందులోనే ఉంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే, వేలు తీసేదాకానో తూటాలు అయిపోయేదాకానో పేలుతూనే ఉండేది నిషేధిత ఆయుధమని చెప్పిందీ ఆ చట్టమే. పుట్టుకతో అలాంటిదైనా సరే, తరువాత అలా మార్చినదైనా సరే. 2019 సవరణ తరువాత అలాంటిది దగ్గర ఉంచుకుంటే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల జైలు. వేయాల్సిందే. కానీ చట్టం విడివిడిగా రాసిన ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడానికి ఎంత చదువు చదవాలి స్వామీ?

అమెరికాలో ఉన్న మా అన్న కొడుకు ఫోనులో చెప్పాడు. అక్కడ బంప్ స్టాక్ అని ఒకటుందట. తుపాకి వెనక తగిలిస్తే, అది తన్నే తన్నుకే ట్రిగ్గర్ వచ్చి మళ్లీ మళ్లీ వేలికి తగులుతుంది. 2017లో లాస్ వేగాస్‌లో పాటకచేరీకి వచ్చిన జనం మీద ఒకడు వాటితోనే కాల్చాడు. ఆ తరువాత ప్రభుత్వం నిషేధిస్తే, 2024 జూన్‌లో వాళ్ల సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయి, 1934 నాటి చట్టం ప్రకారం అది మెషిన్ గన్ కిందికి రాదని తేల్చింది. ప్రతి తూటాకూ ట్రిగ్గర్ విడిగా పనిచేస్తోందట! అంత పనీ చేసేది అక్కడ మెషిన్ గన్ కాదు. మా తాత వదిలిపోయినదానికి మాత్రం ఇక్కడ ప్రమాణపత్రం కావాలి.

అలాంటి సందు ఇక్కడ ఎవడికీ దొరకనివ్వకండి. ఆ విషయంలో తమరి మొండితనమంటే నాకు గౌరవమే.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించిన తుపాకి తుప్పుతో తిరిగొచ్చింది, పోనీయండి. తమరు చేతిలో ఉన్నా పందిని కాల్చాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంకో అనుమతి కావాలి, అదీ పోనీయండి. పందులను బెదరగొట్టే శబ్దం చేసుకోవడానికే ఇంత తిప్పలా?

మా ఆవిడ పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టేశాం. పందులు వాటికీ అలవాటు పడ్డాయి. మంచె మీద కూర్చుని డబ్బా కొడితే తలెత్తి చూసి మళ్లీ కాయల్లో మూతి పెడుతున్నాయి. ఊడలు దిగి కాయ పట్టే వేళకు ఒక్క రాత్రి మంద దిగితే, తెల్లారేసరికి చేనంతా గుంతలు. ఆ గుంతలకు ఎవడు ప్రమాణపత్రం ఇస్తాడు? భోజనం నుంచి నాలుగింటికి వచ్చిన సారు ఇస్తారా?

తమరు అడిగినది రాయించాను. నా తుపాకిని మెషిన్ గన్‌గా మార్చలేదు, మార్చే తాహతు లేదు, నా చేనును మాత్రం పందులు బీడుగా మార్చాయి అని. సోమవారం పొద్దున్నే తెస్తున్నాను. నోటరీ ముద్ర సరిగా పడలేదని వెనక్కి పంపితే మాత్రం ఊరుకునేది లేదు.

ఇట్లు,
తమరి లైసెన్సుదారు