చట్టం ప్రకారం బావమరిది బంధువు కాడు

గుంటూరు కోల్డ్ స్టోరేజీల బోర్డు మీటింగుల గురించి గిట్టనివాళ్లు అవాకులూ చవాకులూ పేలుతున్నారు. అమ్మేదీ డైరెక్టర్లేనట, కొనేదీ డైరెక్టర్లేనట, రేటు ఖాయం చేసేదీ వాళ్లేనట. ఇందులో తప్పెక్కడుందో నాకు మాత్రం కనబడలేదు. మనవాణ్ణి పక్కన పెట్టుకుని, ముక్కూ మొహం తెలియనివాడి దగ్గర సరుకు కొంటామా? ఆ మాత్రం దానికి ఇన్ని పెళ్లిళ్లు చేసి, ఇన్ని వరసలు కలుపుకోవడం దేనికి? కాబట్టి డైరెక్టరు సొంత లాభం, కంపెనీ లాభం ఒకదానికొకటి అడ్డొచ్చినప్పుడు మీటింగు ఎలా నడపాలో, కొత్తగా బోర్డులో చేరేవాళ్ల కోసం నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు చట్టం. 2013 కంపెనీల చట్టంలో 184వ సెక్షన్ ఉంది. ఏటా ఆర్థిక సంవత్సరం మొదటి బోర్డు మీటింగులో ప్రతి డైరెక్టరూ తనకి ఏయే కంపెనీల్లో, ఫర్ముల్లో వాటాలున్నాయో ఎంబీపీ-1 అనే ఫారంలో రాసివ్వాలి. ఆ తర్వాత వాటితో బేరం చర్చకొస్తే, ఇందులో నాకు లాభం ఉందని చెప్పి చర్చకి దూరంగా ఉండాలి. చెప్పకపోతే లక్ష రూపాయల జరిమానా, పైగా పదవి కూడా ఊడుతుంది. వినడానికి భయంగానే ఉంటుంది. ఆచరణలో ఏం జరుగుతుందంటే, బ్రాడీపేట నుంచి ఆడిటరు గారి గుమాస్తా పోయినేడాది ఫారమే పట్టుకొస్తాడు, సంవత్సరం మాత్రం మార్చి. ఎప్పుడో మూతపడ్డ జిన్నింగు మిల్లు ఆ ఫారంలో ఇంకా నడుస్తూనే ఉంటుంది. మొన్న దసరాకి కొబ్బరికాయ కొట్టిన గోతాల కొట్టు మాత్రం అందులోకి ఎక్కదు. అందరూ జేబులోంచి పెన్ను తీస్తారు, ఎవరూ కళ్లజోడు తియ్యరు.

సొంత లాభానికి 184 అయితే, చుట్టాల లాభానికి 188వ సెక్షన్. చుట్టాలంటే ఎవరు? ఇక్కడే మన చట్టసభల దూరదృష్టికి చేతులెత్తి మొక్కాలి. 1956 నాటి పాత చట్టంలో బంధువుల జాబితా 22 వరసలతో పెళ్లి శుభలేఖలా ఉండేది. తాతలు, మనవలు, మనవడి భార్య, మనవరాలి భర్త, అన్నదమ్ముల భార్యలు, అక్కచెల్లెళ్ల భర్తలు, అందరూ అందులోనే. 2014 నిబంధనలొచ్చాక ఆ పంక్తి బాగా పలచబడింది. అమ్మానాన్నలు, కొడుకూ కోడలూ, కూతురూ అల్లుడూ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వీళ్లకి తోడు భార్యాభర్తలు, ఉమ్మడి కుటుంబం. అంతే. అక్క మొగుడు బావగారు ఆ రోజునుంచీ చట్టం దృష్టిలో పరాయివాడు.

ఇక భార్య తమ్ముడి సంగతి మరీ విశేషం. ఆయన ఆ 22 మందిలోనూ లేడు, ఇప్పుడూ లేడు. వియ్యంకుడు లేడు, తోడల్లుడు లేడు, మేనమామ లేడు. గుంటూరు జిల్లాలో వ్యాపారం నడిచేదే ఈ నలుగురి మీద! ఆ జాబితా రాసినవాళ్లకి మన ఊరి గురించి ఏమీ తెలియకపోయి ఉండాలి, లేదంటే మన కంటే బాగా తెలిసి ఉండాలి. బావమరిది ఫర్ములో ఇల్లాలి పేరు వాటాదారుగా పెట్టకుండా ఉంటే చాలు, 188 పక్క వీధిలోంచి వెళ్లిపోతుంది.

ఇదంతా పుస్తకంలో మాట. మర్యాద ఎలా ఉంటుందో తెలియాలంటే మన చుట్టుపక్కల ఒక కోల్డ్ స్టోరేజీలో జరిగింది చెప్పాలి. పేరెందుకు లెండి. మార్చి నెల. మిర్చి యార్డు నుంచి వచ్చిన లారీలు గేటు బయట బారులు తీరాయి, తేజ రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దించడానికి ముఠా కూలీలు చాలడం లేదు, లోపల గదుల్ని చల్లబరిచే అమ్మోనియా కంప్రెసరు మూలుగుతోంది. మార్చాల్సిందేనని అత్యవసర మీటింగు పెట్టారు. కంప్రెసర్లు అమ్మేది డైరెక్టర్లలో ఒకాయనే. ఆయన నిజంగా పెద్దమనిషి. లేచి నిలబడి, "అయ్యా, ఇందులో నాకు ఇంట్రెస్టు ఉంది, నేను బయట కూర్చుంటా" అని కండువా కుర్చీ మీదే ఉంచి వరండాలోకి వెళ్లిపోయారు.

లోపల నిశ్శబ్దం. ఎవరికీ రేటు తెలియదు. మూడు కొటేషన్లు బల్ల మీదున్నాయి, ఒకటి గుంటూరుది, రెండు విజయవాడ ఆటోనగర్‌వి. మూడింటిలోనూ కంప్రెసర్ స్పెల్లింగు ఒకే అక్షరం దగ్గర తప్పింది. చైర్మన్ గారు తలుపు దగ్గరికెళ్లి, "ఏమయ్యా, ఇది మోటారుతో కలిపా, విడిగానా?" అన్నారు. "కలిపే బాబాయ్, బిగింపు కూడా మనదే" అని ఆయన గుమ్మంలో నిలబడి చెప్పారు. కాలు మాత్రం గడప దాటలేదు సుమండీ. అలా గుమ్మంలోంచే గ్యారంటీ ఎన్నేళ్లో, అడ్వాన్సు ఎంతో, చెక్కు ఎవరి పేర రాయాలో కూడా చెప్పారు. మినిట్సులో "సదరు డైరెక్టరు చర్చలో పాల్గొనలేదు" అని రాశారు. అక్షరాలా నిజం.

తర్వాత తెలిసింది, ఆ శ్రమ కూడా అక్కర్లేదని. ఆయన మేనల్లుడు సీఏ చదువుతున్నాడు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకి 2015 జూన్‌లో కేంద్రం మినహాయింపు ఇచ్చిందని, లాభం ఉందని ఒక్కమాట చెప్పేస్తే దర్జాగా కూర్చుని చర్చించుకోవచ్చని వాడే బయటపెట్టాడు. అప్పట్నుంచీ వరండాలో కుర్చీ తీసేశారు.

పబ్లిక్ లిమిటెడ్ వాళ్లకి ఈ సుఖం లేదు. కానీ వాళ్ల కోసం కోరం ఉంది, అంటే మీటింగు చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు. మూడింట రెండొంతుల మంది లేదా అంతకు మించి డైరెక్టర్లకి ఆ బేరంలో లాభం ఉంటే, లాభం లేని మిగిలినవాళ్లే కోరం. కనీసం ఇద్దరుంటే చాలు. ఏడుగురిలో ఐదుగురు బయటికెళ్లినా పని ఆగదన్నమాట. ఆ ఇద్దరినీ ఎంచుకోవడంలోనే చైర్మన్ ప్రజ్ఞ బయటపడుతుంది. నాకు తెలిసిన ఒక బోర్డులో వాళ్లలో ఒకాయనకి భోజనం కాగానే కునుకు పడుతుంది, రెండో ఆయన చైర్మన్ గారికి అప్పున్నాడు. అప్పుండటం లాభం కిందికి రాదు కదా, నష్టం కిందికే వస్తుంది.

పబ్లిక్ లిమిటెడ్‌లో బేరం పెద్దదై వాటాదారుల దాకా వెళ్తే, అందులో సంబంధం ఉన్న వాటాదారు ఓటెయ్యకూడదని 188 అంటుంది. మళ్లీ తనే దయతలచి, వాటాదారుల్లో తొంభై శాతం లేదా అంతకంటే ఎక్కువ మంది కంపెనీ పెట్టిన ప్రమోటర్ల బంధువులో, సంబంధిత పక్షాలో అయితే ఆ నిషేధం వర్తించదంటుంది. పదిమందిలో నలుగురు చుట్టాలైతే జాగ్రత్తగా ఉండాలి, తొమ్మిది మంది అయితే నిశ్చింత. అక్కడ మోసపోవడానికి బయటివాడెవడూ మిగలడని కాబోలు. ఆ పదోవాడి సంగతి ఎవరూ అడగలేదు.

ఇవన్నీ కాదని నిక్కచ్చిగా ఉండబోయిన డైరెక్టరూ ఒకాయన ఉన్నాడు. గోతాలకి బావమరిదిని కాదని, బయట నాలుగు చోట్ల సీల్డు కొటేషన్లు తెప్పించి, వాటాలేవీ లేని ఇద్దరి చేత విప్పించి, తక్కువ రేటు వేసినవాడికి ఆర్డరిచ్చాడు. కంపెనీకి డబ్బు మిగిలింది. అత్తగారి ఊళ్లో గృహప్రవేశానికి ఆయనకి పిలుపు రాలేదు. ఇంట్లో మూడు వారాలు ముభావం. బజార్లో ఏమనుకున్నారంటే, "సొంత బావమరిదిని కాదన్నాడంటే, ఆ బయటివాడు ఎంత ముట్టజెప్పాడో!" చట్టం వేసేది లక్ష రూపాయలు. కట్టేసి చేతులు దులుపుకోవచ్చు. చుట్టాలు వేసే జరిమానాకి రసీదు కూడా ఉండదు. ఆయన్ని తిట్టేవాళ్లంతా వాటాదారులే కావడం ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి. మిగిలిన డబ్బులో వాళ్ల వంతూ ఉంది.

పైన చెప్పిన కంప్రెసరు బేరం డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందని మాత్రం అడక్కండి. ఆ సీజనులో టిక్కీ అద్దె కొంచెం పెరిగింది. కరెంటు చార్జీలన్నారు. ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు ఎప్పుడో నాలుగు వాటాలు కొన్నాడు, ఆ కంపెనీలో చుట్టరికం లేని పదోవాడు ఆయనే. సర్వసభ్య సమావేశంలో లేచి, "అయ్యా, ఆ కంప్రెసరు బయట ఎంతకొస్తుందండీ?" అన్నాడు. చైర్మన్ గారు ఎంతో ఆప్యాయంగా, "మీకు టీ అందిందా అండీ?" అన్నారు. అందలేదన్నాడు. టీ తెప్పించారు. ఆయన తాగడం పూర్తయ్యేసరికి అజెండాలో తర్వాతి అంశం నడుస్తోంది.

ఈ ఏడాది ఇంకా పకడ్బందీగా చేస్తున్నారు. ప్రశ్నలకి ముందే భోజనాలు పెట్టాలని బోర్డు తీర్మానించింది. దీనికి మాత్రం ఏడుగురు డైరెక్టర్లూ, ఎవరికీ ఏ ఇంట్రెస్టూ లేదని సంతకాలు పెట్టి మరీ, ఏకగ్రీవంగా ఓటేశారు.